మతిమరుపు వెనక మైక్రోగ్లియా



చంద్రశేఖరపురం, పామూరు, వెలిగండ్ల, కనిగిరి పల్లెల్లో ఇంట్లోని పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే మనం అనే మాట ఒకటే. "వయసైపోయింది గదా, చాదస్తం!" పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతే చాదస్తం. పెద్దకొడుకును చిన్నవాడి పేరుతో పిలిస్తే చాదస్తం. అన్నం తిన్న గంటకే "నాకు ఎవరూ అన్నం పెట్టలేదు" అని అవ్వ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో చెబుతుంటే కోడలికి కోపం, కొడుక్కి సిగ్గు. ఏళ్ల తరబడి కార్తీక మాసంలో భైరవకోనకు దారి చూపించిన మనిషి వీధి చివరి నుంచి సొంత ఇల్లు పోల్చుకోలేక నిలబడినప్పుడు మాత్రం అందరం గాభరా పడతాం. అప్పుడు కూడా గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించేవాళ్లు ఉన్నారు.

అది చాదస్తమూ కాదు, గాలీ కాదు. అది మెదడుకు వచ్చే జబ్బు. గుండెకు, మూత్రపిండాలకు జబ్బు వచ్చినట్టే మెదడుకూ వస్తుంది. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి దాదాపు ఏడుగురికి డిమెన్షియా, అంటే ఇలా మతి క్షీణించడం, ఉందని దేశవ్యాప్తంగా జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2023లో లెక్కగట్టింది. మొత్తం 88 లక్షల మంది. పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ, మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ అని కూడా తేల్చింది. డిమెన్షియా తెచ్చే జబ్బులు చాలా ఉన్నా వాటిలో పెద్దది అల్జైమర్స్. ఇవాళ ఆ జబ్బులోని ఒక భాగం గురించే మాట్లాడతాను. మెదడును కాపాడటానికి పుట్టిన కణాలే కొన్నాళ్లకు దానికి చేటు ఎలా చేస్తాయన్నది ఆ భాగం. ఇది తెలిస్తే ఇంట్లో మన నడత కొంత మారుతుందని నా నమ్మకం.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగుస్టె డీటర్ అనే స్త్రీని ఆలోయిస్ అల్జైమర్ అనే వైద్యుడు పరీక్షించాడు. ఆమెకు 51 ఏళ్లే. భర్త పేరు అడిగితే తన పేరు చెప్పేది. 1906లో ఆమె చనిపోయాక మెదడు పొరలను రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. నాడీకణాల బయట ఏదో పదార్థం ముద్దలు కట్టి ఉంది. లోపల సన్నని పోగులు చిక్కుపడి ఉన్నాయి. ఆ ముద్దలు అమైలాయిడ్ అనే ప్రోటీనువనీ, ఆ పోగులు టౌ అనే ప్రోటీనువనీ చాలా కాలం తర్వాత తెలిసింది. అల్జైమర్ ఇంకొకటి కూడా గమనించాడు. నాడీకణాలను అంటిపెట్టుకుని ఉండే సహాయక కణాలు మామూలుగా లేవు, వాటిలో కొవ్వు పేరుకుని ఉంది. మొదటి రెండింటి మీద వందేళ్లు పరిశోధన సాగింది. మూడోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నా దృష్టిలో ఈ జబ్బు చరిత్రలో అది పెద్ద లోటు.

ఆ సహాయక కణాల్లో ఒక రకాన్ని విడిగా చూపించినవాడు స్పెయిన్ దేశపు పియో డెల్ రియో ఓర్తేగా. 1919లో వెండి ఉప్పుతో ఒక కొత్త రంగు పద్ధతి కనిపెట్టి, చిన్న ఒళ్లు, చుట్టూ కొమ్మల్లాంటి సన్నని చేతులు ఉన్న కణాలను బయటపెట్టాడు. వాటికి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. చచ్చిన కణాలను, చొరబడిన సూక్ష్మజీవులను మింగేవి ఇవేనని అప్పుడే చెప్పాడు. మన రక్తంలో తెల్లకణాలు ఎలాగో మెదడులో ఇవి అలాగ. అయితే ఇవి రక్తం నుంచి వచ్చినవి కావు. తల్లి కడుపులో పిండం ఇంకా కొన్ని వారాల వయసులో ఉండగానే, పిండాన్ని అంటుకుని ఉండే సొనసంచిలో పుట్టి, మెదడు రూపం దిద్దుకుంటున్న వేళకే అక్కడికి చేరతాయి. ఈ సంగతి 2010లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో రుజువైంది. చేరాక బయటి నుంచి కొత్తవి రావడం దాదాపు ఉండదు. ఉన్నవే విడిపోయి తమ సంఖ్య నిలుపుకుంటాయి. మెదడులోని కణాల్లో రమారమి పదో వంతు ఇవే. మనతో పుట్టి, మనతో ముసలివయ్యే కణాలివి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఏ జబ్బూ లేనప్పుడు ఇవి నిద్రపోతుంటాయని 2005 వరకూ అనుకున్నారు. ఆ ఏడాది బతికున్న ఎలుక పుర్రె ఎముకను పలచగా చేసి, ప్రత్యేకమైన లేజరు సూక్ష్మదర్శినితో లోపలికి చూశారు. మైక్రోగ్లియా ఒళ్లు కదలడం లేదు గానీ చేతులు మాత్రం క్షణం ఆగకుండా చాస్తూ, ముడుస్తూ చుట్టుపక్కలంతా తడుముతున్నాయి. కొన్ని గంటల్లో మెదడు మొత్తాన్ని ఒకసారి తడిమి చూసినంత పని జరుగుతోంది. ఎక్కడైనా సన్నని రక్తనాళం చిట్లితే నిమిషాల్లో చేతులన్నీ అటు మళ్లుతున్నాయి.

తడమడం, మింగడం కాక వీటికి ఇంకో పని ఉంది, జ్ఞాపకానికి సంబంధించింది అదే. నాడీకణం ఇంకో నాడీకణంతో మాట్లాడేచోటును సైనాప్స్ అంటారు. పసివయసులో ఇవి అవసరానికి మించి పుడతాయి. మన మెట్ట చేలల్లో సజ్జ ఒత్తుగా మొలిస్తే అదనపు మొక్కలు పీకి పలచన చేస్తాం గదా, మైక్రోగ్లియా చేసేది అదే. వాడకంలో లేని సైనాప్సులను తీసేసి, మిగిలినవాటికి బలం వచ్చేలా చూస్తాయి. ఏది తీయాలో గుర్తు పెట్టడానికి కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు ఉన్నాయి. ఆ గుర్తు పడ్డ సైనాప్సును మైక్రోగ్లియా మింగేస్తాయి. మొలకప్పుడు పలచన చేస్తే పంటకు మంచిది. కంకి పాలు పోసుకునే వేళ అదే పని మొదలుపెడితే ఇంటికి గింజ రాదు. అల్జైమర్స్‌లో జరిగేది ఆ రెండోది. ఈ జబ్బు వచ్చేలా పెంచిన ఎలుకల్లో, అమైలాయిడ్ ముద్దలు పెద్దగా పేరుకోకముందే మైక్రోగ్లియా మంచి సైనాప్సులను తినడం మొదలుపెట్టాయని శాస్త్రవేత్త బెత్ స్టీవెన్స్ బృందం 2016లో చూపించింది. కాంప్లిమెంట్ గుర్తును అడ్డుకుంటే ఆ నష్టం తగ్గింది. పసితనంలో చేసి వదిలేసిన పనిని ముసలితనంలో, పాడైన పరిస్థితుల్లో ఆ కణాలు మళ్లీ చేస్తున్నాయన్నమాట.

అలాగని వీటిని శత్రువులనుకుంటే పొరపాటు. 2013లో ఐస్‌లాండ్ దేశపు జన్యు సమాచారాన్ని వడబోసిన శాస్త్రవేత్తలు, వేరే బృందం ఇంకొకటి, ఒకేసారి ఒక జన్యువు వైపు వేలు చూపించారు. దాని పేరు ట్రెమ్2. మెదడులో అది పని చేసేది మైక్రోగ్లియాలోనే. ఆ జన్యువులో ఒక అక్షరం మారి పుట్టినవారికి అల్జైమర్స్ ముప్పు మామూలువారికి మూడింతలు దాకా ఉంది. ట్రెమ్2 సరిగా లేకపోతే మైక్రోగ్లియా అమైలాయిడ్ ముద్దను గుర్తుపట్టి చుట్టూ చేరలేవు. సరిగా ఉంటే ముద్ద చుట్టూ గోడలా నిలబడి, దాన్ని కుదించి, పక్కనున్న నాడీపోగులకు విషం తగలకుండా కాస్తాయి. ఆ జన్యువు రెండు ప్రతులూ పూర్తిగా చెడిపోయి పుట్టినవారు నాసు-హకోలా అనే అరుదైన జబ్బుతో ముప్ఫై, నలభైల్లోనే మతి కోల్పోతారు, ఎముకలు గుల్లబారతాయి. అల్జైమర్స్ ముప్పు పెంచుతాయని తర్వాత వరసగా దొరికిన జన్యువుల్లోనూ చాలా భాగం ఈ మైక్రోగ్లియాలో పని చేసేవే. చెత్త పేరుకోవడం ఎంత ముఖ్యమో దాన్ని ఊడ్చేవాళ్ల ఆరోగ్యమూ అంతే ముఖ్యమని అప్పటి నుంచి శాస్త్రం ఒప్పుకుంది.

మరి ఎక్కడ చెడుతుంది? ఏళ్ల తరబడి మింగుతూ, కుదిస్తూ ఉండే మైక్రోగ్లియా అలసిపోతాయి. మింగింది అరగదు. కొవ్వు పేరుకుంటుంది. నూరేళ్లకు పైగా క్రితం అల్జైమర్ చూసిన కొవ్వు ఇదే అయి ఉండాలని ఇప్పుడు అనుకుంటున్నారు. అలసిన కణం లోపల ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ఒక వ్యవస్థ రగులుకుని, వాపు ప్రక్రియను పెంచే రసాయనాలను వదులుతూ పోతుంది. దాన్ని ఎలుకల్లో తీసేస్తే జ్ఞాపకం కొంత నిలబడిందని జర్మనీలోని బాన్ నగరం నుంచి మైకేల్ హెనెకా బృందం 2013లో ప్రకటించింది. కాబట్టి ఒకే కణం మొదట్లో కాపాడుతుంది, చివర్లో కాలుస్తుంది. ఎప్పుడు మంచిది, ఎప్పుడు చెడ్డది అన్నది జబ్బు ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లు జాగ్రత్తగా వినాల్సిన ముక్క ఒకటుంది. వాపు వల్ల చేటు అయితే వాపు తగ్గించే మాత్రలు వేసుకుంటే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. శాస్త్రవేత్తలకూ తోచింది. అమెరికాలో 2001లో నాప్రోక్సెన్, సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్రలతో పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. గుండెకు ముప్పు అన్న భయంతో 2004 డిసెంబరులో మాత్రలు ఆపేశారు. జ్ఞాపకానికి వాటివల్ల మేలు ఏమీ కనపడలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు, నడుములు పట్టేసిన కనిగిరి ప్రాంతంలో నొప్పి మాత్ర వాడని ముసలివాళ్లు తక్కువ. షాపులో అడిగి తెచ్చుకుని రోజూ వేసుకుంటారు. వాటితో మెదడుకు మేలు జరగదు, కడుపులో పుండు, మూత్రపిండాలకు దెబ్బ మాత్రం తప్పకపోవచ్చు. ఇంకొక సందేహం కూడా ఇక్కడ వినిపిస్తుంది. ఎముకలు వంచిన ఈ నీళ్లే మతి కూడా పోగొడుతున్నాయా అని. ఫ్లోరైడ్ ఎముకలకు, పళ్లకు చేసే హాని రుజువైంది. అది అల్జైమర్స్ తెస్తుందనడానికి రుజువు లేదు. మంచినీళ్ల కోసం మన పోరాటానికి ఎముకల కారణం ఒక్కటే చాలు.

కొత్త మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. లెకానెమాబ్ అనే ఇంజెక్షన్ మందుకు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. అది అమైలాయిడ్‌కు అంటుకుని మైక్రోగ్లియాను పిలుస్తుంది, అవి వచ్చి ముద్దను మింగుతాయి. జబ్బు తొలిదశలో ఉన్నవారికి ఏడాదిన్నరలో దిగజారుడు 27 శాతం నెమ్మదించింది. ఆగిపోలేదు, పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. కొందరికి మెదడులో నీరు చేరడం, చిన్న రక్తస్రావాలు కావడం వల్ల తరచూ ఎమ్మారై తీస్తూ ఉండాలి. ట్రెమ్2ను ఉత్తేజపరచి మైక్రోగ్లియాను బలపరుద్దామని తయారుచేసిన మరో మందు 2024 నవంబరులో పరీక్షలో విఫలమైంది. ఆసుపత్రికి పోవాలంటే బస్సు కోసం గంటలు కాచుకునే మన పల్లెల దాకా ఈ వైద్యం రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. అందుకే మన చేతుల్లో ఉన్న సంగతులే నాకు ముఖ్యం.

వాటిలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది జ్వరం గురించి. ముసలివైన మైక్రోగ్లియా, అందులోనూ అమైలాయిడ్‌తో సతమతమవుతున్నవి, ఎప్పుడూ సగం రెచ్చిపోయి ఉంటాయి. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ వస్తే, మూత్రంలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ, పంటి చిగుళ్లలో గానీ, ఆ కబురు రక్తం ద్వారా మెదడుకు చేరుతుంది. కుర్రవాళ్లలో ఆ కబురుకు మైక్రోగ్లియా కొంచెం స్పందించి ఊరుకుంటాయి. అందుకే జ్వరంలో మనకు మగత, అన్నం సయించకపోవడం. ముసలివాళ్లలో మాత్రం అవి విరుచుకుపడతాయి. నిన్నటిదాకా ఏదో నెట్టుకొస్తున్న తాత రాత్రికి రాత్రే పొంతన లేని మాటలు మాట్లాడతాడు, లేని మనుషులను చూస్తాడు, పక్క తడుపుకుంటాడు. సంధి పుట్టిందంటాం. "ఇంక అయిపోయింది, బంధువులకు కబురు పెట్టండి" అంటారు పెద్దలు. అలా వదిలేయకండి! బ్రిటన్‌లో అల్జైమర్స్ ఉన్న 300 మందిని ఆరు నెలలు వెన్నంటి చూసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యలో ఇన్ఫెక్షన్ వంటిది ఏదైనా వచ్చినవారి జ్ఞాపకశక్తి రానివారికంటే రెట్టింపు వేగంతో తగ్గింది. ఒంటి జబ్బుకూ మతికీ ఇంత దగ్గరి లంకె ఉంది. కాబట్టి మతిమరుపు ఉన్న పెద్దవారు ఒక్కసారిగా తేడాగా మారితే, మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి మూత్ర పరీక్ష చేయించండి, ఛాతీ చూపించండి. ఎండాకాలంలో నీళ్లు తాగారో లేదో చూడండి. మూత్రానికి లేవలేక నీళ్లు మానేసే ముసలమ్మలు ప్రతి ఊళ్లో ఉంటారు. మందు పడితే కొన్ని రోజుల్లో చాలావరకు తేరుకునేవాళ్లు ఉన్నారు.

ఇన్ఫెక్షన్ల మాట వచ్చింది గనక, మనం సర్పి అనే జబ్బు సంగతి కూడా చెబుతాను. నడుం చుట్టూ పొక్కులు పొక్కి మండుతుంది. దానికి టీకా ఉంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 1933 సెప్టెంబరు 2 నుంచి పుట్టినవారికే ఆ టీకా ఇవ్వాలని నియమం పెట్టారు. ఆ తేదీకి కొద్ది వారాలు అటూ ఇటూ పుట్టినవాళ్లను పోల్చి చూస్తే, టీకా వేయించుకున్నవారిలో ఏడేళ్లలో డిమెన్షియా దాదాపు ఐదో వంతు తక్కువగా వచ్చిందని 2025లో బయటపడింది. ఎలా అన్నది ఇంకా తేలలేదు. రోగనిరోధక వ్యవస్థకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధాన్ని మాత్రం అది గట్టిగా చెబుతోంది.

మన తెలుగునేల మీద జరిగిన పని ఒకటి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాది బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండో భాష మాట్లాడేవారికి, ఒకే భాష వచ్చినవారికంటే జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా ఉంది. అంటే చదువు వల్ల వచ్చిన మేలు మాత్రమే కాదది. అన్ని దేశాల అధ్యయనాలూ ఇదే చెప్పలేదు గానీ, నాకు ఇది నమ్మదగ్గదిగానే కనిపిస్తుంది. రెండు భాషల మధ్య రోజంతా అటూ ఇటూ మళ్లే మెదడులో సైనాప్సుల నిలవ ఎక్కువగా ఉంటే, మైక్రోగ్లియా కొన్నింటిని తినేసినా మనిషి చాలాకాలం నెట్టుకు రాగలుగుతాడు. మన మార్కాపురం, గిద్దలూరు పక్క తండాల్లో లంబాడీ, తెలుగు రెండూ గలగలా మాట్లాడే అవ్వలున్నారు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన కుటుంబాలున్నాయి. ఇంట్లో మన సొంత భాష మాట్లాడొద్దని పిల్లలను కసిరే తల్లిదండ్రులు ఈ మాట వినాలి.

నిలవ పెంచేది భాష ఒక్కటే కాదు, మనుషులతో మాట కూడా. వానల్లేక, బోర్లెండి, ఈ పశ్చిమ ప్రకాశం పల్లెల నుంచి వయసువాళ్లంతా హైదరాబాదుకో బెంగళూరుకో పనులకు పోయారు. ఇంట్లో ముసలిప్రాణాలు రెండో, ఒకటో మిగిలాయి. చెవుడు వచ్చినవాళ్లతో కేకలేసి మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాలు లెక్కించింది. వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం, బీపీ, షుగరు, పొగతాగడం, మద్యం, తలకు దెబ్బ, గాలిలో పొగ అందులో ఉన్నాయి. ఇవన్నీ సరిచేయగలిగితే దాదాపు సగం, సరిగ్గా చెప్పాలంటే 45 శాతం కేసులు ఆలస్యం కావచ్చు లేదా రాకపోవచ్చు. వీటిలో చాలావాటికి ఒంట్లో వాపు ప్రక్రియతో, దాని ద్వారా మైక్రోగ్లియాతో సంబంధం ఉంది. మనతో పుట్టి మనతో ముసలివయ్యే కణాలని ఇందాక అన్నాను. నలభై ఏళ్ల వయసులో పట్టించుకోని బీపీ, షుగరు వాటిని ముప్ఫై ఏళ్లపాటు సతాయిస్తాయి. తలకు హెల్మెట్ లేకుండా పామూరు రోడ్డు మీద బండి నడిపే కుర్రవాడికీ ఈ జబ్బుతో సంబంధం ఉంది.

చివరిగా, ఆసుపత్రికి వెళ్లేవారికి కొన్ని వివరాలు. మతిమరుపు అంతా అల్జైమర్స్ కాదు. థైరాయిడ్ తక్కువైనా, బీ12 విటమిన్ లేకపోయినా, మనసులో దిగులు పట్టుకున్నా, ఎప్పుడో జారిపడినప్పుడు పుర్రె కింద రక్తం గడ్డకట్టినా మతి మందగిస్తుంది. వీటికి వైద్యం ఉంది. కనిగిరి, మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదట రక్తపరీక్షలు చేయించండి. అక్కడివాళ్లు చెబితే ఒంగోలు సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు పెద్దవారు వాడుతున్న మాత్రల అట్టలన్నీ, షాపులో కొన్న నొప్పి మాత్రలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. రోజూ దగ్గరుండి చూసేవాళ్లే తోడు వెళ్లాలి. పట్నం నుంచి పండక్కి వచ్చిన కొడుకుకు అసలు సంగతి తెలియదు. మతిమరుపు ఎప్పుడు మొదలైందో, మెల్లగా వచ్చిందో ఒక్కసారిగా వచ్చిందో, డబ్బు లెక్కపెట్టగలుగుతున్నారో లేదో, దారి తప్పుతున్నారో లేదో ముందే కాగితం మీద రాసుకోండి. ఇంట్లో తోడెవరూ లేని పెద్దల కోసం 14567 అనే నంబరు ఉంది. అది కేంద్ర ప్రభుత్వం వృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్ లైన్. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు పడదు.